కప్పు కిటికీ చప్పుడు

మేము ఉపాధ్యాయులము ముగ్గురము కలిసి పల్లడము మార్గమున ప్రతిదినము ఒకే కారులో బడికి వచ్చుచుందుము. అది 2009వ సంవత్సరమున తయారైన బండి. మా చేతికి వచ్చునాటికే ఇద్దరు యజమానులను చూచినది. దాని పైకప్పులో జరుపుటకు వీలైన అద్దపు కిటికీ ఒకటి కలదు. లోకులందఱును దానిని సన్‌రూఫు అందురు. మా ఎనిమిదవ తరగతి పిల్లలు కప్పు కిటికీ అని పేరు పెట్టిరి. ఈ పాఠములో రెండు పేళ్లను వాడుదుము.

విద్యార్థులారా! కారులే లేని ఇండ్లవారికి ఈ పాఠమెందుకని మీలో కొందఱడుగవచ్చును. చప్పుడు ఎందువలన పుట్టును, ఒక వస్తువు ఎప్పుడు తన స్థానమును వదలి ఎగురును, నీరు ఏ దారిని పోవును అను మూడు ప్రశ్నలకు ఆ కిటికీ మాకు నేర్పిన సమాధానములు మీ ఇంటి తలుపునకును, కుట్టు మిషనునకును, బడి కిటికీ రెక్కకును సమానముగా వర్తించును. మఱియొక కారణము కూడ కలదు. మేము చేసిన ఒక తప్పువలన మీ పుస్తకములు కొన్ని తడిసినవి. దాని లెక్క మీకు చెప్పవలసియున్నది.

2023వ సంవత్సరము ఆషాఢమాసమున ఈ కథ మొదలైనది. ఆ దినములలో పాలఘాటు కనుమగుండా పడమటి గాలి మన సీమమీదికి ఎట్లు విరుచుకొనిపడునో మీ అందఱికిని తెలియును. పల్లడము, ఉడుమలపేట ప్రాంతములందు గాలిమరలు వరుసలుగా నిలిచియున్నది ఆ గాలిని నమ్మియే. ఆ గాలి ఎఱ్ఱమన్ను దుమ్మును తెచ్చును. మన ఊరిలో దానికి తోడు మఱియొక పదార్థము కలియును. అది దూది నుసి. బనియను కంపెనీల గోడల ప్రక్కన ఒక పూట బండిని నిలిపినచో, సాయంకాలమునకు అద్దముమీద సన్నని తెల్లని నూగు కనబడును. ఈ నుసి, దుమ్ము, పాత గ్రీజు మూడును కలిసినచో ఒక విధమైన కంబళివంటి ముద్ద తయారగును. అది మా బండి కప్పులో ఎన్ని సంవత్సరములనుండి పేరుకొనుచుండెనో!

ఆ మాసమున కప్పు కిటికీ కటకటలాడ నారంభించినది. చదునైన దారిలో నిశ్శబ్దము. గతుకుల దారి వచ్చినచో, అందులోను బండి గంటకు సుమారు 40 కిలోమీటర్ల వేగముతో పోవునప్పుడు, ఎవరో తలమీద పళ్లు కొఱికినట్లు చప్పుడు. మాలో ఒకరు ఒక పాత గుడ్డపీలికను నాలుగు మడతలు పెట్టి, అద్దమునకును కప్పునకును నడుమ ముందుమూలలో దోపిరి. చప్పుడు ఆగినది. తెలివైన పని చేసితిమని మేమందఱమును సంతసించితిమి. నాలుగు మాసములు ఆ పీలిక అక్కడనే యుండెను.

ఐప్పసి వానలు వచ్చినవి. ఒక శుక్రవారము సాయంకాలము మీ తరగతులకు రావలసిన తెలుగు వాచకములను, వ్యాకరణ పుస్తకములను ఒక అట్టపెట్టెలో కట్టి, ముందు సీటు క్రింద కాళ్లు పెట్టుకొను చోట నుంచి, రాత్రికి బండిని ఇంటిముందు నిలిపితిమి. తెల్లవార్లు వాన కురిసినది. ఉదయము తలుపు తీయగా లోపల పాదము మునుగునంత నీరు నిలిచియున్నది. పెట్టె అడుగు మెత్తబడి విడిపోయినది. తమిళనాట తెలుగు పుస్తకము అంగడికి పోయి తెచ్చుకొను వస్తువు కాదని తలిదండ్రులకు వేఱుగా చెప్పనక్కఱలేదు. ఆ పెట్టెకొఱకు మేము ఎంతకాలము ఎదురుచూచితిమో పిల్లలకే తెలియును.

నీరు ఎట్లు వచ్చినది? అద్దము పగులలేదు. అంచునున్న రబ్బరు పట్టీ, అనగా మెకానిక్కులు బీడింగు అనునది, ఎక్కడను చినగలేదు. ఈ ప్రశ్నకు సమాధానము తెలిసికొనుటకు ముందుగా కప్పు కిటికీ నిర్మాణమును తెలిసికొనవలెను.

పైకప్పు రేకులో ఒక దీర్ఘచతురస్రపు రంధ్రము. దాని క్రింద ఒక చట్రము బిగింపబడి యుండును. చట్రమునకు ఇరువైపుల రెండు పట్టాలు. ఈ పట్టాలలో ప్లాస్టిక్కు జారుడు ముక్కలు నడచును. వానికి అంటియున్న లోహపు చేతులు అద్దమును మోయును, ఎత్తును, దింపును. వెనుక లేక ముందు భాగమున చిన్న మోటారు. దాని పండ్లచక్రము, చుట్టుతీగవలె మెలికలు గల రెండు ఉక్కు తీగలను ఒకే కాలమున నెట్టును, లాగును. అందువలన రెండువైపులును సమానముగా కదలును. పూర్వపు బండ్లలో మోటారు లేదు. చేతితో త్రిప్పు పిడి యుండెను. జర్మనీవారి వోక్స్‌వ్యాగన్ బీటిలు బండికి మొదట గుడ్డతో మడచు కప్పు వచ్చినది. తరువాత 1960 దశకమున పిడితో జరుపు ఉక్కు కప్పు వచ్చినది. అమెరికాలో నాష్ కంపెనీ 1937లోనే జరుపు కప్పు గల కారును అమ్మినది. చలిదేశములవారు ఎండకొఱకు తపించి కనుగొన్న వస్తువు ఇది. మన తిరుప్పూరు ఎండలో దీనిని ఎవరు కోరిరో మాకు ఇప్పటికిని అర్థము కాలేదు.

ఇక ముఖ్యమైన సంగతి. రబ్బరు పట్టీయే వాననీటిని పూర్తిగా ఆపునని మేము తలచియుంటిమి. అది నిజము కాదు. పట్టీని దాటి కొంత నీరు లోపలికి వచ్చుననియే దీనిని నిర్మించినవారు ముందుగా లెక్క వేసిరి. అందుకొఱకే అద్దము చుట్టును చట్రములో ఒక కాలువ ఏర్పఱచిరి. ఆ కాలువ మూలలనుండి సన్నని రబ్బరు గొట్టములు బయలుదేరును. ముందువి రెండు ముందు అద్దము ప్రక్క స్తంభములలోగుండా, వెనుకవి రెండు వెనుక స్తంభములలోగుండా దిగి, నీటిని బండి క్రిందికి వదలును. మన పెంకుటిండ్లలో వసారా చూరు క్రింద దోనె కట్టి, దాని నీటిని ఒక మూలకు పంపినట్లే ఇదియును. దోనె మూయబడినచో నీరు ఎక్కడికి పోవును? ఇంటిలోనికే వచ్చును.

మేము గుడ్డపీలికను దోపినది సరిగా ఆ మూలయందే! అది ఒకవైపు పట్టీని ఎత్తిపెట్టి నీటికి దారి ఇచ్చినది. రెండవ కొన క్రిందికి వ్రేలాడి గొట్టపు నోటిని మూసినది. గొట్టములో సగము దూరము దూది నుసి ముద్ద ముందే కూర్చుండియుండెను. కాలువ నిండి, పొర్లి, కప్పు లోపలి గుడ్డమీదుగా స్తంభము వెంబడి పుస్తకముల పెట్టెలోనికి దిగినది.

మొదట మేము బండిని ఒక మరమ్మతు శాలకు తీసికొనిపోతిమి. అచటివారు పది నిమిషములు చూచి రెండు మార్గములు చెప్పిరి. మొత్తము చట్రమును మార్చుట ఒకటి. దాని వెల మాలో ఒకరి నెల జీతమును మించినది. అద్దము చుట్టును సిలికాను జిగురు పూసి శాశ్వతముగా మూసివేయుట రెండవది. ఈ రెండవ మార్గమును మేము పూర్తిగా నిందింపము. లోహపు చేతులు విఱిగి, విడిభాగములు దొఱకని బండికి అది చివరి ఉపాయము. కాని మా బండిలో విఱిగినది ఏదియును లేదు. పైగా మన ఎండకు జిగురు ఎండి చీలినచో, లోపలి కాలువను శుభ్రము చేయు దారి కూడ మూసికొనిపోవును.

మా విద్యార్థి ఒకని తండ్రి బనియను కంపెనీలో అల్లిక యంత్రముల ఫిట్టరు. కొడుకు తడిసిన పుస్తకమును ఇంటికి తీసికొనిపోయి చూపగా, ఆదివారము తానే వచ్చిరి. గుడ్డపీలికను చూచి నవ్వి, “అయ్యవారూ, మీరు నోరు మూసినారే గానీ నొప్పి తీయలేదు” అనిరి. మాకు సిగ్గు కలిగినది.

గుండ్రని అల్లిక యంత్రములో వందలకొలది కొక్కెపు సూదులు ఒకే సిలిండరు చుట్టును లేచి దిగుచుండును. ఒక్క సూది కొక్కెము విఱిగినను బట్టలో నిలువుగా గీత పడును. బట్టలో గీత కనబడకముందే అనుభవము గల ఫిట్టరు చెవికి తేడా తెలియును. ఆయన యంత్రమును ఆపరు. అరచేతిని చట్రముమీద నానించి, చెవి ఒగ్గి, ఒక్కొక్క చోటును తాకి చూతురు. మా కప్పు కిటికీకి కూడ ఆయన అదే పరీక్ష చేసిరి. మాలో ఒకరు బండిని గతుకుల సందులో మెల్లగా నడిపిరి. ఆయన ప్రక్కన కూర్చుండి అద్దమును అరచేతితో పైకి నొక్కిరి. చప్పుడు సగము తగ్గినది. అద్దమును వదలి, దాని క్రింది నీడపలకను నొక్కగా మఱికొంత తగ్గినది. ముందు అంచున గాలిని మళ్లించు చిన్న పట్టీ యుండును. కిటికీ మూసినపుడు అది స్ప్రింగు చేతులతో మడచుకొని అద్దము క్రింద పండుకొనును. దానిని వ్రేలితో పట్టినప్పుడు మిగిలినదియును ఆగినది. మేము ఒక్క చప్పుడని నాలుగు మాసములు వినుచున్నది నిజమునకు మూడు చప్పుళ్లు.

ఇచట కొంచెము గణితము చేయుదము. తొమ్మిదవ తరగతివారు కాగితము తీయుడు.

మా అద్దము పొడవు 80 సెంటీమీటర్లు, వెడల్పు 45 సెంటీమీటర్లు, మందము 4 మిల్లీమీటర్లు. ఘనపరిమాణము 80 × 45 × 0.4 = 1,440 ఘన సెంటీమీటర్లు. గాజు ఒక ఘన సెంటీమీటరునకు సుమారు 2.5 గ్రాములు తూగును. అనగా అద్దము ఒక్కటియే 3,600 గ్రాములు. దాని అంచు చట్రమును చేర్చినచో ఇంకను ఎక్కువ. అంత బరువు గల చింతపండు మూట మన తలమీద ఆరు చిన్న మరలతో నిలిచియున్నదన్నమాట. ఆ మరలు వదులైనచో అద్దము తన బరువుతో మాత్రమే కూర్చుండియుండును.

చేటలో బియ్యము చెఱుగుటను చూచియున్నారు కదా. మెల్లగా ఊపినచో గింజలు చేటతోనే పైకి వచ్చి, చేటతోనే దిగును. చేటను వేగముగా క్రిందికి దింపినప్పుడు గింజలు వెనుకబడి గాలిలో నిలుచును. తరువాత చేటమీద పడి చప్పుడు చేయును. గింజ ఎంత వేగముగా పడగలదో దానికి ఒక హద్దున్నది. భూమి ఆకర్షణవలన కలుగు త్వరణము సెకనుకు సెకనుకు 9.8 మీటర్లు. చేట అంతకు మించిన త్వరణముతో దిగినచో గింజ దానిని అందుకొనలేదు. కప్పునకును అద్దమునకును ఇదే సంబంధము.

కప్పు నడిమి స్థానమునుండి 1 మిల్లీమీటరు పైకిని 1 మిల్లీమీటరు క్రిందికిని కంపించుచున్నదనుకొందము. సెకనుకు కంపనముల సంఖ్య f అను బదులు ‘క’ అనుకొన్నచో, అత్యధిక త్వరణము 39.5 × క × క × 0.001 మీటర్లు. (39.5 అనునది పై వర్గమునకు నాలుగు రెట్లు.) ఇది 9.8కి సమానము కావలెనన్నచో క × క = 248, అనగా క సుమారు 16. కప్పు సెకనుకు 16 సార్లకు మించి ఆ పరిమాణముతో కంపించినచో, వదులైన అద్దము పీట వదలి లేచును, మరల పడును. అదియే కటకట.

ఇపుడు దారిని చూడుడు. గంటకు 40 కిలోమీటర్లనగా సెకనుకు 11 మీటర్లకు కొంచెము ఎక్కువ. దారిలో గతుకులు వరుసగా 70 సెంటీమీటర్లకొకటి యున్నచో, చక్రము సెకనుకు సుమారు 16 గతుకులను దాటును. మా చప్పుడు 40 కిలోమీటర్ల వద్దనే ఎందుకు పెరుగుచుండెనో ఈ లెక్క వేసిన దినమున మాకు తెలిసినది. అన్ని దారులలోను గతుకులు ఇంత క్రమముగా ఉండవు, స్ప్రింగులు కొంత అదురును మ్రింగును, నిజమే. అయినను లెక్క దారి చూపినది. మరలు బిగించియున్నచో అద్దము కప్పుతో కలిసి ఒకే వస్తువుగా కదలును గనుక ఎంత అదిరినను చప్పుడు రాదు.

కటకట వేఱు, కిఱ్ఱు వేఱు. రెండు వస్తువులు విడిపోయి కొట్టుకొన్నచో కటకట పుట్టును. రెండును తాకియే యుండి, పట్టుకొని, జారి, మరల పట్టుకొన్నచో కిఱ్ఱుమనును. ఎండిన రబ్బరు పట్టీ చేయునది రెండవది. ఫిడేలు కమాను తీగమీద చేయు పని కూడ ఇదియే. ఒకటి సంగీతమైనది, ఒకటి తలనొప్పియైనది. మూడవ ధ్వని ఒకటి కలదు. కప్పు కిటికీ తెఱచి, ప్రక్క అద్దములన్నియు మూసి వేగముగా పోవునప్పుడు చెవులు అదరునట్లు గుప్పుగుప్పుమనును. ఖాళీ సీసా మూతిమీద నోటితో ఊదినచో వచ్చు ధ్వనికిని దీనికిని పుట్టుక ఒక్కటియే. జర్మనీ శాస్త్రజ్ఞుడు హెల్మ్‌హోల్ట్జ్ (1821–1894) ఇట్టి బోలు పాత్రల ధ్వనులను పరిశోధించెను. కారు పెద్ద సీసా గనుక దాని స్వరము మిక్కిలి మంద్రము. సెకనుకు ఇరువది కంపనముల చుట్టుప్రక్కల నుండును. మనిషి చెవి వినగల హద్దు అదియే గనుక, వినుటకంటె అదురుగానే ఎక్కువ తెలియును. ఇది రోగము కాదు. వెనుక ప్రక్క అద్దమును రెండు వ్రేళ్ల మేర దింపినచో పోవును.

మరమ్మతు విషయమునకు వత్తము. తాళపుచెవి తీసివేయక చేతులు లోపల పెట్టరాదు. మోటారు చిన్నదైనను వ్రేలును నలుపగలదు. అద్దమును విప్పి ఎత్తవలసివచ్చినచో ఇద్దరు పట్టవలెను. అది వేడిచేసి గట్టిపఱచిన గాజు. దాని అంచు నేలకు తగిలినచో ఒక్కసారిగా పలుకులు పలుకులుగా రాలిపోవును. ఈ పనిని పిల్లలు పెద్దలు లేక చేయరాదు.

మొదట కిటికీని పూర్తిగా తెఱచి, పట్టాలను కాలువను చూచితిమి. మేము చెప్పిన కంబళి ముద్ద అక్కడ కనబడినది. చిన్న కుంచెతో దులిపి, ముద్దను వెదురుపుల్లతో తీసి, సబ్బునీటిలో పిండిన గుడ్డతో తుడిచితిమి. ఫిట్టరుగారు అలవాటు చొప్పున కిరసనాయిలు సీసా తీసిరి. అల్లిక యంత్రపు ఇనుమునకు అది మంచిదే. కాని రబ్బరు సంగతి ఏమని మాలో ఒకరు సందేహించిరి. సరే, పరీక్షించి చూతమని పాత బీడింగు ముక్కలు రెండు సమానముగా కోసి, ఒకటి నీటిలోను ఒకటి కిరసనాయిలులోను వేసి, ఆ రాత్రి బడి ప్రయోగశాలలో నుంచితిమి. మఱునాడు పిల్లలు కొలిచిరి. నీటిలోనిది మాఱలేదు. కిరసనాయిలులోనిది ఉబ్బి, పొడుగు పెరిగి, మెత్తబడినది. ఫిట్టరుగారు ఆ ముక్కను జేబులో వేసికొని, కంపెనీలో చూపవలెనని తీసికొనిపోయిరి.

పిదప గొట్టములు. ఇచట చాలమంది చేయు పొరపాటు కంప్రెసరు గాలిని కొట్టుట. గొట్టపు అతుకు స్తంభము లోపల ఊడినచో మరల పెట్టుటకు కప్పు గుడ్డనంతయు విప్పవలెను. ఇనుప తీగయును కూడదు. గొట్టమును చీల్చును. మేము మెత్తని నైలాను తీగను మెలిపెట్టుచు మెల్లగా దింపితిమి. ముందు ఎడమ గొట్టమునుండి ముద్ద ఊడి, నల్లని నీటితో తలుపు క్రింద పడినది. అర గ్లాసు నీటిని ఒక్కొక్క మూలలో పోసి, పిల్లలను నాలుగు చక్రముల వద్ద నిలిపితిమి. “వచ్చినది” అని మూడు చోట్లనుండి కేకలు వచ్చినవి. నాలుగవచోట నిలిచిన బాలిక చాలసేపు మౌనముగా నుండి, “ఇచట చుక్కలే” అనినది. వెనుక కుడి గొట్టమునకు మరల తీగ వేయవలసివచ్చినది. ఆమె ఓపికతో చూడకున్నచో మేము మూడింటితోనే తృప్తి పడియుందుము.

అద్దపు మరలను బిగించుట సూక్ష్మమైన పని. ఇరువైపుల ప్లాస్టిక్కు మూతలను తీసినచో మూడేసి మరలు కనబడినవి. వాని తల నక్షత్రాకారము. తగిన మొన గల తిరుపుళినే వాడవలెను. లేనిచో తల అరిగి ఇక ఎన్నటికిని కదలదు. తిరుపుళి అను మాట విని పిల్లలు నవ్విరి. తమిళమున త్రిప్పునట్టి ఉలి గనుక తిరుప్పుళి అందురు. ఆ ఉళియు మన ఉలియు ఒకటియే. కౌరవులు పట్టుకొనిపోయిన ఆవులమందను అర్జునుడు మరల్చిన చోటు గనుక మన ఊరికి తిరుప్పూరని పేరు వచ్చినదని ఇచటి పెద్దలు చెప్పుకొందురు. త్రిప్పు ఊరిలో త్రిప్పు ఉలి దొఱకకుండునా అని ఒక బాలుడు అనినాడు.

మర పోవు రంధ్రము నిలువుగా కొంచెము పొడవుగా నుండును. అందువలన మర వదులు చేసి అద్దమును పైకి క్రిందికి సర్దవచ్చును. అద్దము ముందు అంచు కప్పుతో సమముగానో, 1 మిల్లీమీటరు లోపలికో ఉండవలెను. వెనుక అంచు సమముగానో, 1 మిల్లీమీటరు పైకో ఉండవలెను. ముందు అంచు లేచియున్నచో ఎదురుగాలి దానిలో దూరి ఈల వేయును. వెనుక అంచు దిగియున్నచో అక్కడ నీరు నిలుచును. నాలుగు మూలలను సరిచేసి, ఒక మూలను కొంచెము, దాని ఎదుటి మూలను కొంచెము, ఇట్లు కొంచెము కొంచెముగా బిగించితిమి. ఒకేచోట పూర్తిగా బిగించినచో అద్దము వంకర తిరుగును. బలము మణికట్టుదిగా నుండవలెను గాని భుజముది కారాదు. తరువాత సన్నని కాగితపు పట్టీని అంచులో పెట్టి కిటికీ మూసి లాగి చూచితిమి. అన్నివైపులను ఒకే బిగువుతో రావలెను. కుడి వెనుక మూలలో కాగితము సులభముగా వచ్చినది. అక్కడి మరను వదలి, వెంట్రుకవాసి ఎత్తి, మరల బిగించితిమి. మా పనిలో సగము కాలము ఈ కాగితముతోనే గడచినది.

రబ్బరు పట్టీని సబ్బునీటితో కడిగి ఆరబెట్టి, సిలికాను గ్రీజును వ్రేలితో అతి పలుచగా రాచితిమి. పట్టాలకును పలుచగానే. నూనె పోయరాదు. మన ఊరి నుసిని పిలుచుటకు అంతకన్న వేఱు ఆహ్వానము అక్కఱలేదు. నీడపలక పాదములకును, గాలిపట్టీ ఆనుచోటను అంటుడు ఫెల్టు ముక్కలు అంటించితిమి. బీడింగు చినిగినవారు కొత్తది వేయవలెను. దానిని సాగదీసి వేయరాదు. కొన్ని దినములలో అది ముడుచుకొని అతుకువద్ద సందు విడుచును. అతుకు వెనుక అంచు నడుమ వచ్చుట మేలు. బొత్తాము నొక్కగా అద్దము ఒకవైపు ముందును ఒకవైపు వెనుకయునై వంకరగా నడచుచున్నచో, తీగయో జారుడు ముక్కయో విఱిగినదని తెలిసికొని అంతటితో ఆపి, తెలిసినవారికి చూపవలెను. బలవంతముగా నొక్కినచో చిన్న ముక్కతో పోవునది చట్రముతో పోవును.

కోయంబత్తూరు దగ్గరి కలంగల్ గ్రామమున తెలుగింట పుట్టిన జి. డి. నాయుడుగారు (1893–1974) యౌవనమున ఒక ఆంగ్లేయ అధికారి రడ్జ్ మోటారు సైకిలును చూచి మోహపడి, కోయంబత్తూరు హోటలులో పనిచేసి డబ్బు కూడబెట్టి దానిని కొనిరి. కొన్నవెంటనే ఎక్కి తిరుగలేదు. విప్పి, మరల కూర్చిరి. తరువాత మన తిరుప్పూరులోనే ప్రత్తి జిన్నింగు ఫ్యాక్టరీ నడిపి, లాభమును చూచి, బొంబాయి ప్రత్తి వ్యాపారమున నష్టమును చూచి, 1920లో పొల్లాచి–పళని దారిలో బస్సు నడుపుటకు పూనుకొనిరి. అవినాశి రోడ్డులో ఆయన పేరిట నున్న కారుల ప్రదర్శనశాలకు కిందటేడు మా పిల్లలు పోయినప్పుడు, ముందు వరుసలోని మెఱయు బండ్లను వదలి, ఏ కారు కప్పునకు కిటికీ ఉన్నదోయని తలలెత్తి వెదకిరట.

మరమ్మతు ముగిసిన సాయంకాలము ఫిట్టరుగారిని ఎక్కించుకొని అదే గతుకుల సందులో 40 కిలోమీటర్ల వేగముతో పోతిమి. కప్పునుండి చప్పుడు లేదు. కాని ఎక్కడో టిక్కుటిక్కుమని సన్నని ధ్వని. మేము ఖిన్నులమైతిమి. ఆయన కన్నులు మూసికొని కొంతసేపు విని, చేయి చాచి ముందు అఱను తెఱచిరి. లోపల సుద్దముక్కల డబ్బా. దానిని ఒడిలో పెట్టుకొనగానే ఆ ధ్వనియును ఆగినది.

తడిసిన పుస్తకములలో చాలవఱకు ఆకునకును ఆకునకును నడుమ వార్తాపత్రిక కాగితము పెట్టి, బరువు వేసి ఆరబెట్టగా దక్కినవి. ఏడింటిలో కొన్ని పుటలు అంటుకొనిపోయి చదువ వీలులేకున్నవి. ఆ పుటలను మంచి దస్తూరి గల పిల్లలు ఇతర ప్రతులు చూచి వ్రాసి అంటించుచున్నారు. ఐదు పూర్తియైనవి. మిగిలిన రెండింటికి వ్రాయగలవారు గ్రంథాలయపు గదిలో పేరు ఇయ్యవలెను. ఇట్టి కిటికీ గల బండి ఉన్న తలిదండ్రులు ఆశ్వయుజమున వానలకు ముందు ఒక ఆదివారము బడి ఆవరణకు తెచ్చినచో, నైలాను తీగయు అర గ్లాసు నీళ్లును, నాలుగు చక్రముల వద్ద నిలుచుటకు నలుగురు పిల్లలును సిద్ధముగా నుందురు.